మైకు మీ దాకా వచ్చేలోపు

గురువారం రాత్రి తొమ్మిది. మస్కట్, అల్ ఖువైర్‌లో రెండో అంతస్తు ఫ్లాట్. 2013 మేలో ఒమాన్ వారాంతాన్ని శుక్ర, శనివారాలకు మార్చినప్పటి నుంచి ఇక్కడి మనవాళ్లకు గురువారం రాత్రే అసలు పండగ. బిర్యానీ అయిపోయింది. టీవీకి ఫోను కలిపారు. మైకు చేతులు మారుతోంది. ఫిలిప్పీన్స్ నర్సు ఒక ఇంగ్లీషు పాటను అలవోకగా పాడేసింది. త్రిశూర్ అకౌంటెంటు కళ్లు మూసుకుని ఏసుదాసు పాట అందుకున్నాడు. ప్రాజెక్టు పని మీద వచ్చిన జపాన్ ఇంజనీరు సోఫా అంచున, చేతులు ఒళ్లో పెట్టుకుని, మర్యాదగా కూర్చున్నాడు. "అన్నా, తర్వాత నువ్వే!" అని ఎవరో కేకేశారు.

ఇక్కడే రెండు రకాల మనుషులు బయటపడతారు. ఒకరకం వాళ్లకు సరిగ్గా అప్పుడే ఇంటి నుంచి ఫోనొస్తుంది, బాల్కనీలోకి వెళ్లిపోతారు. రెండోరకం వాళ్లు తమకు తెలిసిన పాటల్లోకెల్లా గట్టిగా అరవాల్సిన పాట పెట్టమంటారు. మొదటివాళ్ల గురించి నాకు బెంగ లేదు, బాల్కనీలోంచి మనిషిని చెయ్యి పట్టుకుని లాక్కురావచ్చు. నా పేచీ రెండోవాళ్లతోనే. మొదటి నిమిషం సింహంలా మొదలుపెట్టి, మూడో నిమిషానికి గొంతు పీలగా జారిపోయి, "ఇవాళ జలుబండీ" అని మైకు ఇచ్చేసేది వీళ్లే.

పవర్‌ఫుల్ పాట అంటే గట్టి పాట అని ఎవరు చెప్పారో గానీ, ఆ మాటను ముందు మనసులోంచి తీసేయండి. చివరి చరణంలో కూడా మీ గొంతు మోయగలిగినదే మీకు బలమైన పాట. పాడే ముందు ఎంచుకోవడంలోనే సగం పని అయిపోతుంది. ఈ ఎంపిక నేర్చుకోవడానికి నన్నడిగితే జపాన్ పాటను మించిన బడి లేదు.

"మస్కట్లో కూర్చుని తెలుగువాడు జపాన్ పాట పాడటమేమిటండీ?" అంటారు. కారణం చాలా స్వార్థమైంది. మీరు తెలుగు పాట ఎత్తుకున్న మరుక్షణం గదిలోని ప్రతి తెలుగువాడి చెవిలోనూ బాలు పాడటం మొదలుపెడతారు. ఆయన ముందు మీరెంత, నేనెంత? ఆడవాళ్లయితే జానకిగారూ చిత్రగారూ ఎదురుగా కూర్చున్నట్టే. జపాన్ పాటకు ఆ తంటా లేదు. గదిలో పదిమంది ఉంటే తొమ్మిదిమంది దగ్గర మిమ్మల్ని కొలిచే కొలబద్ద ఉండదు. ఆ ఒక్క పదోమనిషి జపాన్ ఇంజనీరు. ఆయన తన పాట మీ నోట విన్న ఆనందంలో తప్పులు లెక్కపెట్టడు. పోలిక భయం పోయిన మనిషి ఎంత బాగా పాడతాడో ఒకసారి మీరే చూసుకోండి.

పైగా ఒమాన్‌కు జపాన్ కొత్తేమీ కాదు. ఇప్పటి సుల్తాన్ హైతమ్‌కూ, అంతకుముందు పాలించిన కాబూస్‌కూ తాతగారు సుల్తాన్ తైమూర్. ఆయన 1932లో గద్దె దిగి దేశాలు తిరుగుతూ కోబే నగరం చేరారు. అక్కడ ఒక డాన్స్ హాల్లో కియోకో ఓయామా అనే జపాన్ యువతి పరిచయమైంది. 1936లో పెళ్లి, మరుసటేడు కూతురు బుతైనా. ఆ అమ్మాయి తర్వాత ఒమాన్ రాజకుమారిగానే పెరిగింది. ఇక సామాన్యుల సంగతికొస్తే, మీ ఆఫీసులో నడివయసు ఒమానీ సహోద్యోగిని "కెప్టెన్ మాజిద్ చూశావా?" అని అడిగి చూడండి. మొహం వెలిగిపోతుంది. అరబ్బు పిల్లల్ని టీవీలకు కట్టిపడేసిన ఆ ఫుట్‌బాల్ కార్టూన్ జపాన్‌వాళ్ల కెప్టెన్ త్సుబాసానే. మన పిల్లల సంగతి చెప్పనే అక్కర్లేదు. షించాన్‌ను తెలుగులో చూసి పెరిగారు, 2025లో డీమన్ స్లేయర్ సినిమాను తెలుగు డబ్బింగులో చూడటానికి థియేటర్లకు వెళ్లారు.

కోబే పేరెత్తాం కాబట్టి ఇంకో సంగతి. కరావొకే యంత్రం పుట్టిల్లు కూడా ఆ ఊరే. తొలి యంత్రం ఎవరిదనే తగాదా ఉందిలెండి. 1967లోనే టోక్యోలో షిగెయిచి నెగిషి అనే ఆయన ఒకటి తయారుచేశాడు. కానీ వీధి వీధికీ పాకించింది మాత్రం 1971లో కోబే బార్లలో వాయిద్యాలు వాయించుకునే దైసుకే ఇనోవె. బార్లకొచ్చే పెద్దమనుషులు పాడుతుంటే వెనక వాయించడం ఆయన ఉద్యోగం. వాళ్లెవరికీ సరిగా పాట రాదు. కాబట్టి ఎవరి గొంతుకు తగ్గట్టు వాళ్లకు శ్రుతి దించి, వేగం తగ్గించి వాయించేవాడు. వాళ్లలో ఒకాయన "నాతో ఊరికి రా, అక్కడ నేను పాడాలి" అన్నాడు. ఈయనకు కుదరక, ఆయన గొంతుకు సరిపడేలా వాయించి టేపు ఇచ్చి పంపాడు. ఆ ఆలోచనే పెరిగి పదకొండు యంత్రాలైంది. పేటెంటు తీసుకోలేదు, కోట్లు పోయాయి. 2004లో మాత్రం సరదా బహుమతి ఇగ్ నోబెల్ శాంతి పురస్కారం ఇచ్చారు, మనుషులు ఒకరినొకరు ఓర్చుకోవడానికి కొత్త దారి చూపినందుకట!

ఈ కథలో నేను పట్టుకునేది ఒక్కటే. కరావొకే పుట్టిందే పాట రానివాడి గొంతుకు శ్రుతి దించడానికి. అలాంటప్పుడు మీరు అసలు గాయకుడి శ్రుతిలోనే పాడి తీరతానని పంతం పట్టడం దేనికి?

మీ శ్రుతి ఎంతో తెలుసా? సంగీతం మాస్టారి దగ్గర నాలుగు రోజులు కూర్చున్నవాళ్లకు తెలిసే ఉంటుంది. మామూలుగా మగవాళ్లు ఒకటి, ఒకటిన్నర శ్రుతిలో, ఆడవాళ్లు ఐదు, ఐదున్నరలో పాడతారు. తెలియకపోతే ఫోనులో తంబూరా యాప్ పెట్టుకుని, కింది పంచమం గరగరలాడకుండా, పై పంచమం కీచుమనకుండా ఎక్కడ పలుకుతుందో చూసుకోండి. పది నిమిషాల పని. ఇది తెలియకుండా పాట ఎంచుకోవడం కాలు కొలవకుండా చెప్పులు కొనడమే.

ఇప్పుడు జపాన్ పాటల్లో ఉన్న చిక్కు. ఈ తరం జపాన్ మగ గాయకులు చాలామంది పై స్థాయిలోనే తిరుగుతారు. వినడానికి హాయిగా, తేలిగ్గా ఉంటుంది. పాడబోతే మెడనరాలు తేలతాయి. అందుకే జపాన్‌వాళ్లు కూడా కరావొకే గదిలోకి వెళ్లగానే చెయ్యి పెట్టేది కీ బటన్ మీదే. ఒక నొక్కుకు అర మెట్టు కిందికి. మగవాడు ఆడవాళ్ల పాట ఎత్తుకుంటే నాలుగైదు నొక్కులు దించడం అక్కడ మామూలు సంగతి. ఎవరూ నవ్వరు. మనకు ఇక్కడ జపాన్ యంత్రాలు లేకపోయినా యూట్యూబ్ ట్రాకులున్నాయి, శ్రుతి మార్చే ఫోను యాప్‌లున్నాయి, చిన్న మిక్సర్లలో కూడా ఆ మీట ఉంటుంది. గురువారం రాత్రి అందరూ చూస్తుండగా వెతుక్కోకుండా, ముందే మార్చి ఫోనులో దాచుకోండి.

పాటను పరీక్షించే తీరు కూడా మార్చుకోవాలి. మనం ఏం చేస్తాం? మొదటి రెండు లైన్లు పాడి చూసి "వచ్చేసింది" అనుకుంటాం. మొదటి రెండు లైన్లు ఎవరికైనా వస్తాయి. చివర మొదలుపెట్టండి. భోంచేశాక, నిలబడి, ఆఖరి భాగం మాత్రమే మూడుసార్లు వరసగా పాడండి. మూడోసారి కూడా గొంతు నిలిచిందా, ఆ పాట మీది. ఇందులో జపాన్ పాటకు ఒక ప్రత్యేకమైన గోతి ఉంది. చాలా పాటల్లో ఆఖరిసారి వచ్చే పల్లవి ఉన్నట్టుండి అర మెట్టో మెట్టో పైకి ఎక్కుతుంది. ఉతాదా హికారు 1999లో పాడిన 'ఫస్ట్ లవ్' చూడండి. ఎంతో మెల్లగా, మన పక్కన కూర్చుని చెప్పుకున్నట్టు సాగుతుంది. సరిగ్గా మీరు అలిసిపోయే వేళకు శ్రుతి పైకి మారుతుంది. ఆ మలుపు తెలియక ఎందరు చతికిలబడ్డారో.

పాట కట్టుబడిలోనూ తేడా ఉంది. మన సినిమా పాట పల్లవితో మొదలవుతుంది. అంటే ఇంట్లోకి రాగానే మంచినీళ్లు, మజ్జిగ అన్నీ ఇచ్చేస్తుంది. జపాన్ పాట అలా కాదు. మొదట ఒక భాగం నెమ్మదిగా నడుస్తుంది, దాన్ని వాళ్లు ఏ-మెలో అంటారు. తర్వాత కాస్త ఊపందుకునే బి-మెలో. అప్పుడు గానీ 'సబీ' రాదు, అదే మన పల్లవి లాంటిది. ఆ భాషే తెలియని శ్రోతలు సబీ వచ్చేదాకా ఆగాలి కదా! నిమిషంపాటు ఏమీ అర్థం కాకుండా, ఏదీ పట్టు దొరక్కుండా ఉంటే ఫోన్లు బయటికి తీస్తారు. కాబట్టి మొదటి జపాన్ పాటగా, సబీతోనే మొదలయ్యేదాన్ని ఎంచుకోండి. 1995 నాటి ఎవాంగెలియన్ కార్టూన్‌కు యోకో తకహషి పాడిన 'జన్‌కొకు నా తెన్షి నో తేజె' అలాంటిది. ముప్పయ్యేళ్లుగా జపాన్ కరావొకేల్లో దాని జోరు తగ్గలేదు. మొదటి గుక్కలోనే గది మొత్తం మీవైపు తిరుగుతుంది.

ఇక భాష భయం. ఇది నిజానికి భయమే కాదు, సాకు. ప్రపంచంలో జపాన్ పాట పాడటానికి పుట్టుకతోనే సగం సిద్ధంగా ఉన్నవాళ్లలో తెలుగువాళ్లొకరు. నమ్మకం కుదరడం లేదా? పదో తరగతిలో గణవిభజన చేశారు కదా. లఘువుకు ఒక మాత్ర, గురువుకు రెండు. జపాన్ భాష నడిచేది సరిగ్గా ఆ లెక్కమీదే. హ్రస్వానికి ఒక దెబ్బ, దీర్ఘానికి రెండు. ద్విత్వం వస్తే ఒక దెబ్బ ఆగి పలకాలి. మన 'అక్క', 'అత్త' పలికినట్టే. సున్నా ఉన్నా ఒక దెబ్బే, పాటల్లో చాలాసార్లు దానికి విడిగా ఒక స్వరమే ఇస్తారు. ఇంగ్లీషువాళ్లు దీర్ఘాన్ని కుదించి, ద్విత్వాన్ని మింగేసి తాళం తప్పుతారు. మనకు ఆ ప్రమాదం లేదు.

మనది అజంత భాష. మాట చివర అచ్చు, లేదంటే సున్నా. వాళ్లదీ అంతే. గొంతు చివరిదాకా తెరిచే ఉంటుంది కాబట్టి పాటకు అంతకన్నా ఏం కావాలి? అందరినీ ఇబ్బంది పెట్టే 'త్సు' శబ్దం ఉంది చూశారూ, అది మన అమ్మమ్మలు 'చుక్క', 'చలి' అన్నప్పుడు నాలుక పళ్లకు తగిలించి పలికే 'చ'. 'జుట్టు'లో జ కూడా వాళ్ల దగ్గరుంది. పట్నం పిల్లలు మరిచిపోతున్న శబ్దాలు జపాన్ పాటలో పనికొస్తాయంటే చిత్రంగానే ఉంటుంది. 'ల' లేదు, ఉన్న 'ర' మన 'ర'కు దగ్గరిదే. అందుకే రోమన్ అక్షరాల్లో రాసిన సాహిత్యం చూసి పాడకండి. విని, తెలుగు లిపిలో మీ చేత్తో రాసుకోండి. దీర్ఘం దీర్ఘంగా, వత్తు వత్తుగా. ఒక పాటకు ఒక కాగితం. ఆ రాసుకోవడంలోనే సగం నోటికొస్తుంది.

ఇంకొక్క పోలిక చెప్పి ఈ భాష గొడవ ముగిస్తాను. మనలాగే వాళ్లకూ క్రియ వాక్యం చివర వస్తుంది. ఏడవడం, వెళ్లిపోవడం, మరిచిపోలేకపోవడం, ఏదైనా సరే లైను ఆఖర్లో ఉంటుంది. అంటే ఊపిరంతా మొదట్లో ఖర్చు పెట్టేస్తే, అసలు మాట దగ్గరికొచ్చేసరికి మీ దగ్గర గాలి ఉండదు. లైను మొదట తక్కువ, చివర ఎక్కువ. తెలుగు పద్యం బాగా పాడేవాళ్లెవరైనా చేసేది ఇదే.

అర్థం మాత్రం తెలుసుకోవాలి. మాటకు మాట అక్కర్లేదు. ఎవరు, ఎవరితో, ఏ స్థితిలో అంటున్నారన్నది చాలు. 'ఫస్ట్ లవ్' విడిపోయిన ప్రేమ పాట. దాన్ని తీసుకెళ్లి ఒక జంట పెళ్లిరోజు విందులో భర్తగారు భార్యవైపు చూస్తూ పాడితే, జపాన్ అతిథి చప్పట్లు కొడతాడు గానీ మొహంలో చిన్న అయోమయం ఉంటుంది.

ఇక ఏ పాట ఎవరికి? మీ స్వభావాన్ని బట్టి చెబుతాను, గొంతుదేముంది, శ్రుతి దించేస్తాం కదా.

మొట్టమొదటిసారి మైకు పడుతున్నారా? ఆలోచించకుండా క్యు సకామొతో 1961లో పాడిన 'ఉఎ ఓ ముయితె అరుకో' నేర్చుకోండి. అమెరికాలో 'సుకియాకి' పేరుతో 1963 జూన్‌లో మూడు వారాలు బిల్‌బోర్డ్ మొదటి స్థానంలో నిలిచిన పాట. ఆంగ్లం ఒక్క ముక్క లేకుండా ఆ మెట్టు ఎక్కింది. రాసిన రొకుసుకే ఏయి 1960లో అమెరికా-జపాన్ భద్రతా ఒప్పందానికి వ్యతిరేకంగా జరిగిన ఉద్యమంలో పాల్గొని, అది ఓడిపోయిన నిరాశలో రాశాడంటారు. పాటలో మాత్రం రాజకీయం కనపడదు. కన్నీళ్లు ఆపుకుంటూ రాత్రిపూట ఒంటరిగా నడిచే మనిషి మాత్రమే ఉంటాడు. వరస చూస్తే నవ్వుతూ నడిచినట్టే ఉంటుంది. గల్ఫులో ఉన్న మనిషికి దీని వ్యాఖ్యానం అక్కర్లేదు. ఇంటికి ఫోను చేసి "బాగానే ఉన్నానమ్మా" అనే గొంతు అది.

దీన్ని ముందు పెట్టడానికి కారణం భావం ఒక్కటే కాదు. మూడు నిమిషాల పాట. సాగే పరిధి చిన్నది. ప్రధాన వరస మొదటి లైన్లోనే వచ్చేస్తుంది. అన్నిటికన్నా ముఖ్యంగా మధ్యలో ఈల ఉంది. ఈలకు భాష ఏముంది? అక్కడ మీరు మైకు గదివైపు తిప్పండి. మలయాళీ, ఫిలిప్పినో, ఒమానీ, అందరూ ఈలేస్తారు. ఈల రానివాళ్లు నవ్వుతారు. నేను చూసినంతలో ఆ ఈల దగ్గరే బిడియస్తులైన జపాన్ పెద్దమనుషులు సోఫా అంచు వదిలి ముందుకు జరుగుతారు. ఒమానీ స్నేహితులు ఉంటే చప్పట్లు కూడా కలుస్తాయి. ఒకరు ఎత్తుకుంటే గుంపు అందుకునే పాటలు వాళ్లకు ఉగ్గుపాలతో వచ్చినవి. ఒమాన్ తీరంలోని సూర్ పడవలవాళ్ల పాటలు, మన జాలర్ల హైలెస్సా పాటలు ఒకే నీళ్ల బిడ్డలు.

గొంతు బరువుగా, కింద పలికే మగవాళ్లు కుర్రకారు పాటల వెంట పడొద్దు. షింజి తనిమురా 1980లో పాడిన 'సుబారు' మీ కోసమే ఉంది. కింద నుంచి నెమ్మదిగా లేచి, మధ్యలో విశాలంగా పరుచుకుంటుంది. చైనా నుంచి ఆగ్నేయాసియా దాకా పెద్దతరం వాళ్లకు ఇది తెలుసు. 2010లో షాంఘై ఎక్స్‌పో ప్రారంభ వేడుకలో ఆయనే పాడాడు. నడుం నిటారుగా పెట్టి పాడాల్సిన పాట. చేతులు ఊపకండి.

కర్ణాటక సంగీతం నేర్చుకున్న ఆడవాళ్లకు జపాన్ పాప్‌తో ఒక ఇబ్బంది వస్తుంది. గమకం ఆపుకోలేరు. నిటారుగా నిలవాల్సిన స్వరం కాస్తా ఊగుతుంది. ఊగనీయండి, మీరు ఎన్కాకు వెళ్లండి. అది వాళ్ల పాతకాలపు పాటల బాణీ. అందులో 'కొబుషి' అని గొంతును మెలితిప్పే పని ఉంది, మీకు రెండు రోజుల్లో పట్టుబడుతుంది. సయురి ఇషికావా 1977లో పాడిన 'త్సుగారు కైక్యో ఫుయుగెషికి' ఎత్తుకోండి. రాత్రి రైల్లో ఉత్తరానికి వచ్చి, చలిలో ఓడెక్కి సముద్రం దాటుతున్న ఒంటరి ఆడమనిషి పాట. జూన్ నెల మస్కట్ ఎండలో మంచు సముద్రం పాట పాడటంలో ఒక మజా ఉంది.

నెమ్మదైనవాళ్లు, తమను తాము ముందుకు తోసుకోలేనివాళ్లు జార్డ్ బృందం 1993 నాటి 'మకెనైదె' నేర్చుకోవచ్చు. ఓడిపోకు అని పక్కన పరిగెడుతూ చెప్పే పాట, జపాన్‌లో టీవీ మారథాన్ పరుగుల్లో వినిపిస్తుంటుంది. పాడిన ఇజుమి సకాయి వేదిక ఎక్కడానికి పెద్దగా ఇష్టపడని మనిషి. అరుపు ఎక్కడా లేదు.

కాస్త స్టైల్ కావాలంటే మికి మత్సుబరా 'మయొనక నో దొఆ' ఉంది. 1979లో వచ్చిన ఆ పాట 2020 చివర్లో ప్రపంచం మొత్తం ఫోన్లలో మోగింది. పాపం, చూడటానికి ఆమె లేదు, 2004లోనే పోయింది. సబీలో ఇంగ్లీషు ముక్క ఉంది కాబట్టి గది మీతో గొంతు కలుపుతుంది.

వద్దనే పాటలూ చెప్పాలి. యోఅసోబి బృందం 'ఐడల్' 2023లో ప్రపంచాన్ని ఊపింది. నిజమే, కానీ ఆ వేగంలో ఊపిరి తీసుకోవడానికి సందు ఉండదు. డీమన్ స్లేయర్‌కు లిసా పాడిన 'గురెన్‌గే' పిల్లలు అడుగుతారు. పిల్లల్నే పాడమనండి. అదో అనే గాయని పాడిన 'ఉస్సేవా' అయితే గొంతు చించుకున్నట్టు ఉంటుంది, ఆ చించుకోవడం వెనక చాలా సాధన ఉంది. పదిహేడేళ్ల చివరి రోజున ఆ పాట విడుదలైంది, మర్నాడు ఆమెకు పద్దెనిమిది నిండాయి. అప్పటికి ఇంట్లో బట్టల అల్మారాలో కూర్చుని పాటలు రికార్డు చేసుకుంటూ వచ్చిన పిల్ల. పాట వదిలేయండి గానీ అల్మారా సంగతి మాత్రం పట్టుకోండి. రూవీ, దార్సైత్ ఫ్లాట్లలో గోడలెంత పలచనో మనకు తెలుసు. పడగ్గదిలో అల్మారా తలుపులు బార్లా తెరిచి, వేలాడే చీరలూ చొక్కాలవైపు మొహం పెట్టి పాడండి. బట్టలు శబ్దాన్ని మింగేస్తాయి. పక్కింటివాళ్లకు వినపడదు. గదిలో గోడలిచ్చే ప్రతిధ్వని లేకపోవడంతో మీ గొంతు ఉన్నదున్నట్టు మీకు వినిపిస్తుంది. మొదటిసారి బాధపడతారు. పర్వాలేదు, బాత్రూములో పాడుకున్నన్నాళ్లూ మిమ్మల్ని మోసం చేసింది ఆ పలకలే.

దీన్ని మించిన సాధనమందిరం కారు. మస్కట్ నుంచి సలాలాకు దగ్గర దగ్గర వెయ్యి కిలోమీటర్లు. ఆదమ్ దాటాక హైమా, తుమ్రైత్ మీదుగా గంటల తరబడి మలుపు లేని రోడ్డు. ఖరీఫ్ జల్లుల కాలంలో సలాలా వెళ్లేవాళ్లందరికీ ఆ విసుగు తెలుసు. ఒక్క పాటే పెట్టుకుని వెళ్లండి. కూర్చుని పాడటం వల్ల ఊపిరి కొంచెం తక్కువ అందుతుంది. అంటే నిలబడ్డాక ఇంకా తేలిగ్గా ఉంటుంది. తెలుగులో రాసుకున్న కాగితం మాత్రం పక్క సీట్లో కూర్చున్నవాళ్ల చేతికివ్వండి, స్టీరింగు మీద పెట్టుకోకండి. వెనక సీట్లో పిల్లలు మీకన్నా ముందు నేర్చేసుకుంటే ఉడుక్కోకండి.

గది మర్యాద కొంత ఉంది. అజాన్ వినపడగానే మైకు ఆపండి, ఎవరూ చెప్పక ముందే. రంజాన్ నెలలో ఈ సందడే పెట్టుకోవద్దు. కొత్తవాళ్లు పాడేటప్పుడు మీ ఫోను తీయొద్దు, అనుమతి లేకుండా వీడియో అసలు తీయొద్దు. నవ్వాలనిపిస్తే వంటింట్లోకి వెళ్లి నవ్వండి. పాట విషయంలో మనుషులు ఎంత సున్నితమో తెలియాలంటే ఫిలిప్పీన్స్ మిత్రుణ్ని 'మై వే' గురించి అడగండి. ఫ్రాంక్ సినాత్రా 1969 నాటి ఆ పాట పాడుతుండగా అక్కడి బార్లలో జరిగిన గొడవల్లో ప్రాణాలే పోయాయి. చాలాచోట్ల ఆ పాటనే జాబితాలోంచి తీసేశారు. మన గదుల్లో అంతదాకా రాదు గానీ, ఎవరో ఒకరు ప్రతివారం తనదిగా పాడుకునే పాటను మీరు లాక్కోకండి. ఆ అక్కకు ఆ పాటే వారానికి ఒక్క వెలుగు కావచ్చు.

ఒక రాత్రికి ఒక్క జపాన్ పాటే. రెండోది అడిగినా పాడొద్దు. మొదటిది బాగా వచ్చిన ఊపులో సాధన చెయ్యని రెండోది ఎత్తుకుని, సంపాదించిందంతా పోగొట్టుకున్నవాళ్లను చాలామందిని చూశాను. పాడే ముందు "నాకు సరిగా రాదు, ఏమనుకోకండి" అనే ముందుమాట కూడా మానేయండి. తప్పులు వెతకమని మీరే పిలిచినట్టు ఉంటుంది. పాట పేరు, పాడినవారి పేరు చెప్పండి, జపాన్ అతిథివైపు చిన్నగా తల వంచండి, మొదలుపెట్టండి.

పాట అయ్యాక ఆయన ఊరుకోడు, అది గుర్తుంచుకోండి. ఆర్ఆర్ఆర్ 2022 అక్టోబరులో జపాన్‌లో విడుదలయ్యాక అక్కడి జనం ఆ సినిమాను నెత్తిన పెట్టుకున్నారు. 2024 జనవరిలో తకరజుకా నాటక సంస్థ దాన్ని రంగస్థలం ఎక్కించింది. అందరూ ఆడవాళ్లే ఉండే ఆ బృందంలో భీమ్, రామ్ వేషాలు కూడా వాళ్లే కట్టి ఆడారు. తకరజుకా ఉన్నదీ కోబే రాజధానిగా ఉన్న హ్యోగో రాష్ట్రంలోనే. కాబట్టి మీ 'ఉఎ ఓ ముయితె' విన్న ఆ ఇంజనీరు మైకు అందుకుని, "ఇప్పుడు మనిద్దరం నాటు నాటు" అంటాడు. శ్రుతి రెండు నొక్కులు దించి ముందే ఫోనులో పెట్టుకోండి. ఆ పాటకు మోకాళ్లు కూడా కావాలి కాబట్టి టీపాయ్ పక్కకు జరపండి, కింది అంతస్తువాళ్లను ముందే భోజనానికి పిలిచేయండి.